గుండె, ఊపిరితిత్తుల రోగి పక్కన – 5వ పాఠం: ఆక్సిజన్ పెంచే ముందు

కిందటి పాఠంలో ఇంట్లోవాళ్లలో ఐదుగురి ఊపిరి నిండు నిమిషం లెక్కపెట్టి రాసుకోమన్నాను. లెక్కపెట్టినవాళ్లకు ఒక సంగతి ఈపాటికి తెలిసే ఉంటుంది. "నీ ఊపిరి లెక్కపెడుతున్నా" అనగానే ఎదుటి మనిషి ఊపిరి తీరు మారిపోతుంది. అందుకే నాడి చూడటం అయిపోయినా మణికట్టు వదలకుండా, కళ్లు మాత్రం ఛాతీ మీద, పొట్ట మీద పెట్టి లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం వద్దు. అందులో ఒక్క శ్వాస తప్పితే నాలుగు తేడా వస్తుంది, 20 కాస్తా 24 అయిపోతుంది. డాక్టరును పిలవాలా వద్దా అన్నది ఒక్కోసారి ఆ నాలుగులోనే ఉంటుంది.

ఏ వార్డులో అయినా చార్టు తీసి చూడండి. బీపీ పూటకో తీరుగా ఉంటుంది, నాడి మారుతూ ఉంటుంది, శ్వాస దగ్గర మాత్రం 20, 20, 20. ఏ రోగి ఊపిరీ అలా ఉండదు. మనం లెక్కపెట్టలేదు, అంతే. ముప్పై మంది రోగులకు ఇద్దరు సిస్టర్లు ఉండే రాత్రుళ్లు నేనూ గడిపాను కాబట్టి ఈ మాట కోపంతో అనడం లేదు. అందరికీ నిండు నిమిషం ఇవ్వలేకపోతే, గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకైనా ఇవ్వండి. పెద్దవాళ్లలో నిమిషానికి 12 నుంచి 20 మామూలు. 20 దాటితే కన్ను వేసి ఉంచాలి. 25, ఆపైన ఉంటే న్యూస్-2 (నాడి, బీపీ, శ్వాస లాంటివాటికి పాయింట్లు వేసి ప్రమాదాన్ని ముందే పట్టే) పద్ధతిలో ఆ ఒక్క అంకెకే 3 పాయింట్లు పడతాయి, అంటే మిగతావన్నీ బాగున్నా డాక్టరుకు వెంటనే చెప్పాల్సిందే. బీపీ పడిపోకముందే, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) తగ్గకముందే చాలాసార్లు శ్వాస వేగం పెరుగుతుంది. ఆ గంటా రెండు గంటలే మన చేతిలో ఉండే సమయం.

ఇక ఈ వారం పాఠం ఆక్సిజన్. 2021 ఏప్రిల్‌లో దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మన విశాఖ స్టీల్ ప్లాంట్‌లోనే ట్యాంకర్లు నింపుకుని మహారాష్ట్రకు బయలుదేరింది. ఆ రోజుల తర్వాత ఆక్సిజన్ అంటే ప్రాణం అని అందరికీ నాటుకుపోయింది. అది నిజమే. అయితే నర్సుకు అది ఒక మందు కూడా. మందు అన్నాక డోసు ఉంటుంది, ఎక్కువైతే చెడు చేస్తుంది.

ఇద్దరు రోగులను ఊహించుకుందాం. రాత్రి రెండు గంటలకు క్యాజువాలిటీకి వచ్చారు, పక్కపక్క మంచాలు. ఇద్దరికీ శాచురేషన్ 86.

మొదటాయన ఫిషింగ్ హార్బర్ దగ్గర ఉంటాడు, 62 ఏళ్లు. పాత బీపీ రోగి. ఇంట్లో పెళ్లి హడావుడిలో మూడు రోజులు మాత్రలు మానేశాడు, ఎండుచేపల ఇగురు, ఆవకాయ మాత్రం మానలేదు. "పడుకుంతే గాలాడట్లేదమ్మా" అంటున్నాడు, ఆ మాట కూడా ముక్కలు ముక్కలుగా. ఒళ్లంతా చల్లటి చెమట. బీపీ 190/110, శ్వాస 34. దగ్గితే గులాబీ రంగు నురుగు. గుండె ముందుకు తోయలేని రక్తం వెనక్కి నిలిచి, ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతోంది.

రెండో ఆమె భీమిలి వైపు పల్లె నుంచి వచ్చింది, 68 ఏళ్లు. నాలుగు రోజులుగా జ్వరం, పచ్చ కఫం. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగి కూర్చుంది, పెదాలు సున్నాలా చుట్టి ఊపిరి వదులుతోంది. ఛాతీలో పిల్లికూతలు. శ్వాస 28. "పొగ తాగుతారా?" అని అడిగితే "సిగరెట్లా? మాకేటి అలవాటమ్మా" అంటుంది. ఇక్కడే మనం ఆగిపోకూడదు. మన ఉత్తరాంధ్రలో ఆడవాళ్లను పొగ గురించి అడిగేటప్పుడు "అడ్డపొగ ఉందా అమ్మా?" అని విడిగా అడగాలి. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని తాగడం ఆమె లెక్కలో పొగ తాగడమే కాకపోవచ్చు. కట్టెల పొయ్యి ఎన్నేళ్లు ఊదారో కూడా అడగండి. ఈ రెండు ప్రశ్నలతో సీఓపీడీ (పొగ వల్ల ఊపిరితిత్తులు ఏళ్ల తరబడి పాడయ్యే జబ్బు) అనుమానం వచ్చిందంటే ఆక్సిజన్ ఎంత పెట్టాలన్న లెక్క మారిపోతుంది.

ఇద్దరికీ చేయాల్సిన మొదటి పని ఒకటే: నిటారుగా కూర్చోబెట్టడం. ఆయాసంతో వచ్చిన మనిషిని ఈసీజీ కోసమనో, స్ట్రెచర్ అలా ఉందనో వెల్లకిలా పడుకోబెట్టడం చూస్తే నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు. కూర్చోబెట్టి కూడా ఈసీజీ తీయొచ్చు. మొదటాయనకు కాళ్లు మంచం పక్కకు వేలాడేయండి, గుండెకు తిరిగి వచ్చే రక్తం కొంత తగ్గుతుంది. రెండో ఆమెకు ముందర బల్ల పెట్టి, దాని మీద దిండు వేసి చేతులు ఆనించుకోనివ్వండి.

మొదటాయనకు ఆక్సిజన్ ధారాళంగా ఇవ్వాలి. బ్యాగు ఉన్న మాస్కు అయితే 10 నుంచి 15 లీటర్లు, బ్యాగు ముందే నిండాలి, ఊపిరి పీల్చినప్పుడు పూర్తిగా అంటుకుపోకూడదు. లక్ష్యం 94 నుంచి 98. డాక్టరు సీప్యాప్ (బిగుతు మాస్కుతో ఒత్తిడిగా గాలి పంపే మిషన్) అనొచ్చు, సిద్ధంగా ఉంచండి. మూత్రం తెప్పించే ఫ్యూరోసెమైడ్ 40 మి.గ్రా. ఇమ్మంటే రెండు నిమిషాలు తీసుకుని నెమ్మదిగా ఎక్కించండి. అది ఎక్కాక మూత్రం ఎంత వస్తోందో గంట గంటకూ కొలవాలి. మొదటి ఆరు గంటల్లో గంటకు 100 నుంచి 150 మి.లీ. కూడా రాకపోతే మందు చాలడం లేదని చెప్పండి. రక్తనాళాలను సడలించే నైట్రోగ్లిసరిన్ డ్రిప్ మొదలుపెడితే ఐదు నిమిషాలకోసారి బీపీ చూడాలి. దానికి ముందు సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటి మాత్రలు ఈ మధ్య వేసుకున్నారా అని, ఇంట్లోవాళ్లను బయటకు పంపి అడగండి. రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఇంకొకటి, మూత్రం వస్తోందని బంధువులు ఆయన్ని బాత్‌రూమ్‌కు నడిపించుకుపోతారు. ససేమిరా ఒప్పుకోకండి. మంచం దగ్గరకే బెడ్‌పాన్ తెప్పించండి.

రెండో ఆమెకు లక్ష్యం 88 నుంచి 92. వెంచురీ మాస్కు (ఆక్సిజన్ శాతాన్ని కచ్చితంగా ఇచ్చేది) ఉంటే 24 లేదా 28 శాతం, లేకపోతే ముక్కు గొట్టంతో 1, 2 లీటర్లు. ఎందుకింత తక్కువ? ఏళ్ల తరబడి పాడైన ఊపిరితిత్తుల్లో కొన్ని భాగాలకు గాలి సరిగా అందదు. ఒళ్లు తెలివిగా ఆ భాగాలకు రక్తం తగ్గించుకుంటుంది. మనం ఆక్సిజన్ బాగా పెంచేస్తే అక్కడి రక్తనాళాలు మళ్లీ తెరుచుకుంటాయి, కార్బన్ డయాక్సైడ్ బయటకు పోలేని చోటికి రక్తం వెళ్తుంది. ఆక్సిజన్ నిండిన హిమోగ్లోబిన్ కూడా తను మోస్తున్న కార్బన్ డయాక్సైడ్‌ను రక్తంలోకి వదిలేస్తుంది. అలా అది పేరుకుపోతుంది, శాచురేషన్ మాత్రం 98 అని నిక్షేపంగా చూపిస్తుంది.

ఇది నేను పుస్తకంలో కన్నా ముందు మంచం దగ్గర నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నైట్ డ్యూటీ. సీఓపీడీ ఉన్న ఒక పెద్దాయన ముక్కు గొట్టంతో 2 లీటర్ల మీద 89లో ఉన్నారు. "అంత తక్కువుంటే ఎలా సిస్టర్?" అని వాళ్లబ్బాయి ఒకటే టెన్షన్. నాకూ టెన్షన్ వచ్చి మాస్కు మార్చి 8 లీటర్లు పెట్టాను. 98 వచ్చింది. కాసేపటికి ఆయన నిద్రపోయారు, మూడు రాత్రుల తర్వాత కళ్లు మూశారని సంతోషపడ్డాను కూడా. నాలుగింటికి రక్తం తీయడానికి లేపితే లేవలేదు. చేతులు వెచ్చగా ఉన్నాయి, నాడి గట్టిగా కొడుతోంది. డాక్టరు వచ్చి ఏబీజీ (రక్తంలో వాయువుల పరీక్ష) చేస్తే కార్బన్ డయాక్సైడ్ బాగా పెరిగిపోయి ఉంది. బైప్యాప్ (మాస్కుతో ఊపిరికి సాయపడే మిషన్) పెట్టారు, మధ్యాహ్నానికి తేరుకున్నారు. ఆ అబ్బాయి నాకు థాంక్స్ చెప్పాడు. నేను ఆ రోజు భోజనం చేయలేదు.

కాబట్టి సీఓపీడీ రోగి మగతగా ఉన్నా, తలనొప్పి అన్నా, చేతులు ముందుకు చాపితే రెక్కల్లా కొట్టుకుంటున్నా శాచురేషన్ అంకె చూసి ఊరుకోకండి, డాక్టరును పిలవండి. అప్పుడు ఆక్సిజన్ ఒక్కసారిగా తీసేయడం కూడా తప్పే, మెట్టు మెట్టుగా తగ్గించాలి. అలాగే ఈ పాఠం చదివి భయపడి 70లో ఉన్న మనిషికి ఆక్సిజన్ ఆపేవాళ్లు ఉంటారేమో, దయచేసి ఆ పని చేయకండి. ఆక్సిజన్ లేకపోవడం నిమిషాల్లో చంపుతుంది. ముందు ఇవ్వండి, 88 దాటాక తగ్గించుకుంటూ రండి. నెబ్యులైజర్ (మందును ఆవిరిలా పీల్పించేది) మన రెండో ఆమెకు గాలితో నడిచే మిషన్ మీద పెట్టి, దాని మాస్కు కింద ఆక్సిజన్ ముక్కు గొట్టం ఉంచండి. ఆక్సిజన్‌తోనే నడపక తప్పకపోతే ఆరు నిమిషాలకు ఆపేయండి.

గుండెనొప్పితో వచ్చినవాళ్ల సంగతి క్లుప్తంగా. పది నిమిషాల్లో ఈసీజీ తీసి డాక్టరుకు చూపించాలి. శాచురేషన్ 90 పైన ఉంటే ఆక్సిజన్ అవసరం లేదు. 2017లో వెలువడిన స్వీడన్ పరిశోధనలో ఆరు వేలకు పైగా రోగులను చూశారు, అలాంటివాళ్లకు ఆక్సిజన్ పెట్టడం వల్ల మరణాలు తగ్గలేదు. సినిమాల్లో చూసిన అలవాటుకు బంధువులు మాస్కు అడుగుతారు. వాళ్లకు నిదానంగా చెప్పండి.

పల్స్ ఆక్సీమీటర్‌ను నమ్మే ముందు వేలు చూడండి. గోరింటాకు, నెయిల్ పాలిష్, చల్లబడిన చేయి, వీటిలో ఏది ఉన్నా అంకె తప్పు కావచ్చు. తెర మీద కనిపించే నాడి, మీ వేళ్లకు తగిలే నాడి ఒకటే అయితేనే ఆ అంకెను లెక్కలోకి తీసుకోండి. మూసిన గదిలో కుంపటి పొగ పీల్చిన మనిషికి అయితే అది 99 చూపించినా నమ్మొద్దు. బొగ్గు పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌ను అది ఆక్సిజన్ అనే అనుకుంటుంది.

చివరగా సిలిండర్ లెక్క. బీ-టైప్ సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు, డీ-టైప్‌లో సుమారు 7,000. ఉన్న లీటర్లను నిమిషానికి ఇచ్చే లీటర్లతో భాగిస్తే నిమిషాలు వస్తాయి. 10 లీటర్ల మీద నిండు బీ-టైప్ 150 నిమిషాలు, గేజ్ సగంలో ఉంటే 75. అందులో మూడో వంతు ఎప్పుడూ చేతిలో ఉంచుకోవాలి. ఇంట్లో కాన్సన్‌ట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసే కరెంటు మిషన్) ఉన్న రోగిని డిశ్చార్జ్ చేసేటప్పుడు కూడా ఈ లెక్క నేర్పండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక ఈ విశాఖలో కరెంటు ఎన్ని రోజులు లేదో చూసినవాళ్లం, పక్కన ఒక సిలిండర్ పెట్టుకోమని చెప్పకుండా ఎవర్నీ పంపకూడదు.

ఈ వారం అభ్యాసం. పాడేరు నుంచి ఒక రోగిని అంబులెన్స్‌లో విశాఖకు పంపాలి. ఘాట్ రోడ్డు మీదుగా మూడు గంటల ప్రయాణం. నిమిషానికి 6 లీటర్లు ఇస్తున్నారు. బండిలో ఉన్నది ఒక్కటే బీ-టైప్, గేజ్ సగంలో ఉంది. డ్రైవర్ తొందరపెడుతున్నాడు. మీరు ఏం చేస్తారో లెక్కతో సహా రాసి పెట్టుకోండి, వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.