దూరంగా ఉండే ఎన్‌హాన్సర్‌ని పట్టుకోవడం: లాక్టేజ్ జన్యువుతో మొదలుపెట్టండి

కడపలోనో అనంతపురంలోనో కర్నూలులోనో ఎమ్మెస్సీ చదువుతూ జన్యు నియంత్రణ మీద ప్రాజెక్టు చేయాలనుకుంటే, చేతిలో సీక్వెన్సింగ్ యంత్రం లేకపోయినా ఇబ్బంది లేదు. సగం పని ల్యాప్‌టాప్ మీదే అయిపోతుంది. మొదటి ప్రయత్నానికి లాక్టేజ్ జన్యువు ఎల్‌సిటి చాలా అనువైనది. కేంద్రకం ఉన్న ప్రతి కణంలోనూ ఈ జన్యువు ఉంటుంది. కానీ పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమును దండిగా తయారుచేసేవి చిన్నపేగు లోపలి పొర కణాలే. పెద్దయ్యాక ఆ తయారీ కొనసాగాలా వద్దా అన్నది తేల్చే ఎన్‌హాన్సర్, అంటే జన్యువు పనిని పెంచే డీఎన్‌ఏ ముక్క, ఆ జన్యువుకు దాదాపు 14,000 బేసుల (డీఎన్‌ఏ అక్షరాల) అవతల, ఎమ్‌సిఎమ్6 అనే వేరే జన్యువు 13వ ఇంట్రాన్‌లో (ప్రోటీన్‌కు కోడ్ ఇవ్వని భాగంలో) ఉంది. ఫిన్లాండ్ కుటుంబాల మీద జరిగిన పరిశోధనతో 2002లో ఇది బయటపడింది. −13910 స్థానంలో, అంటే ఎల్‌సిటి మొదలుకు 13,910 బేసుల ముందు, సీ బదులు టీ ఉన్నవాళ్లకు పెద్దయ్యాక కూడా పాలు అరుగుతాయి.

జన్యుపటాన్ని చూపే యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్ వెబ్‌సైట్ తెరిచి, మానవ జన్యుపటం వెర్షన్ హెచ్‌జి38 (hg38) ఎంచుకుని, ఈ సీ/టీ తేడాకు ఉన్న గుర్తింపు సంఖ్య ఆర్‌ఎస్4988235 (rs4988235) అని కొట్టండి. 2వ క్రోమోజోమ్ మీద 135,851,076 దగ్గరికి వెళ్తారు. పాత హెచ్‌జి19లో ఇదే చోటు 136,608,646. రెండు వెర్షన్ల అంకెలు కలిపేస్తే ప్రైమర్లు (పీసీఆర్‌లో కావలసిన ముక్క రెండు చివరలనూ గుర్తించే చిన్న డీఎన్‌ఏలు) ఎక్కడో పడతాయి. ఇంకో చిక్కు, పరిశోధన పత్రాల్లో సీ, టీ అని ఉంటే బ్రౌజర్‌లో జీ, ఏ కనిపిస్తాయి. బ్రౌజర్ చూపేది డీఎన్‌ఏ ప్లస్ పోగును, ఎల్‌సిటి దాని జత అయిన మైనస్ పోగు మీద ఉండటమే కారణం. అందుకే ఇక్కడ జన్యువుకు ‘ముందు’ అంటే అంకెలు పెరిగే వైపు.

తర్వాత చూడాల్సింది కణజాలం. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. బ్రౌజర్‌లో మామూలుగా కనిపించే హెచ్3కె27 ఎసిటైలేషన్ (చురుకైన ఎన్‌హాన్సర్ల దగ్గర హిస్టోన్ ప్రోటీన్ మీద కనబడే రసాయన గుర్తు) ట్రాక్‌లో ఉన్నవి ఏడు కణ రకాలు, వాటిలో పేగు కణం ఒక్కటీ లేదు. అక్కడ గుట్ట కనబడలేదని ఎన్‌హాన్సర్ లేదనుకోకండి. జన్యు నియంత్రణ సమాచారం ఉండే ఎన్‌కోడ్ సైట్‌లో చిన్నపేగు నమూనాలు విడిగా తెరిచి, డీఎన్‌ఏజ్ సంకేతం (డీఎన్‌ఏ తెరుచుకుని ఉన్న చోట్ల గుర్తు), ఎసిటైలేషన్ రెండూ పక్కపక్కన చూడండి. ఏ కణజాలంలో ఏ జన్యువు ఎంత పనిచేస్తుందో చూపే జీటెక్స్ సైట్‌లో ఎల్‌సిటి, ఎమ్‌సిఎమ్6 రెండూ వెతకండి: మొదటిది చిన్నపేగులో తప్ప దాదాపు ఎక్కడా పనిచేయదు, రెండోది అనేక కణజాలాల్లో పనిచేస్తుంది. ఎన్‌హాన్సర్ ముక్క ప్రతి కణంలోనూ ఉంటుంది, దాన్ని పట్టుకునే హెచ్‌ఎన్‌ఎఫ్4ఏ, సీడీఎక్స్2 లాంటి ప్రోటీన్లే ప్రతి కణంలోనూ ఉండవు. దగ్గరి జన్యువే దాని లక్ష్యం అనుకోవడమూ పొరపాటే. వేళ్ల సంఖ్యను ప్రభావితం చేసే జెడ్‌ఆర్‌ఎస్ ఎన్‌హాన్సర్, తాను నడిపే ఎస్‌హెచ్‌హెచ్ జన్యువుకు దాదాపు 10 లక్షల బేసుల దూరంలో, ఎల్‌ఎమ్‌బిఆర్1 ఇంట్రాన్‌లో కూర్చుంది.

ఇక బెంచి పని. ఆ స్థానం మధ్యలో పడేలా 500 నుంచి 1,000 బేసుల ముక్కను హై ఫిడెలిటీ పాలిమరేజ్‌తో పీసీఆర్ చేయండి. ప్రైమర్ల చివర కెపిఎన్‌ఐ, ఎక్స్‌హెచ్‌ఓఐ అనే డీఎన్‌ఏ కోసే ఎంజైములు గుర్తించే సైట్లు, వాటికి ముందు నాలుగైదు అదనపు బేసులు ఉండాలి, లేకపోతే ఎంజైము సరిగా కోయదు. టీ రకం ఉత్తరాదిన ఎక్కువ, దక్షిణాదిన తక్కువ. కాబట్టి మన దగ్గరి నమూనాలో సీ దొరికే అవకాశమే ఎక్కువ. టీని సైట్ డైరెక్టెడ్ మ్యూటజెనెసిస్ (ఎంచుకున్న చోట బేసును మార్చే పద్ధతి)తో మీరే పెట్టుకోండి, మిగతా బేసులన్నీ ఒకటేనని సీక్వెన్స్ చేయించి చూసుకోండి. మనిషి నమూనా ఏదైనా ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ముట్టుకోవద్దు.

బలహీన ప్రమోటర్ (జన్యువును మొదలుపెట్టే భాగం) ఉన్న లూసిఫరేజ్ ప్లాస్మిడ్‌లో, అంటే ముక్క పనిచేస్తే వెలుగునిచ్చే మిణుగురు ఎంజైమును తయారుచేసే గుండ్రటి డీఎన్‌ఏలో, ఉదాహరణకు పీజీఎల్4.23లో, ముక్కను చేర్చండి. వీలైతే ఎల్‌సిటి సొంత ప్రమోటర్‌తో ఇంకోటి చేసుకోండి. పేగు కణాలకు కాకో-2, పోలికకు మూత్రపిండం నుంచి వచ్చిన హెచ్‌ఈకే293 కణాలు చాలు. పుణెలోని ఎన్‌సీసీఎస్ కణాల భాండాగారాన్ని అడగొచ్చు. 24 వెల్స్ (గుంటలు) ఉన్న ప్లేటులో వెల్‌కి 450 నానోగ్రాముల ప్లాస్మిడ్, 10–20 నానోగ్రాముల రెనిల్లా ప్లాస్మిడ్ (కణాల్లోకి డీఎన్‌ఏ ఎంత ఎక్కిందో చూపే, వేరే వెలుగు ఎంజైము ఉన్నది)తో మొదలుపెట్టండి. సీ, టీ, తిరగేసిన ముక్క, ఖాళీ వెక్టర్, ఒక్కోదానికి మూడు వెల్స్. మొత్తం ప్రయోగం వేర్వేరు రోజుల్లో మూడుసార్లు. కాకో-2లోకి డీఎన్‌ఏ సులువుగా ఎక్కదు, రెనిల్లా అంకెతో భాగించకుండా ఏ ఫలితాన్నీ నమ్మకండి. ఈ కణాలు ప్లేటు నిండిన రెండు మూడు వారాలకు గానీ చిన్నపేగు లక్షణాలు పూర్తిగా తెచ్చుకోవు. 48 గంటలకు సంకేతం బలహీనంగా ఉంటే ముక్క పనిచేయదని అప్పుడే రాసేయొద్దు.

కిట్ పుస్తకంలో ‘గది ఉష్ణోగ్రత’ అంటే 20–25 డిగ్రీలు, ఏప్రిల్‌లో అనంతపురం గది కాదు. 30 దాటితే మిణుగురు లూసిఫరేజ్ చురుకు తగ్గుతుంది. పొద్దున చదివిన ప్లేటుకూ మధ్యాహ్నం చదివిన ప్లేటుకూ పొంతన కుదరదు. ఏసీ వేసి, రియేజెంట్లను, ప్లేటును అదే గదిలో ఉంచి, ఉష్ణోగ్రత రాసుకున్నాకే చదవండి.

లూసిఫరేజ్ పెరిగితే ముక్కకు శక్తి ఉందని మాత్రమే తేలుతుంది, అది నడిపేది ఎల్‌సిటినే అని కాదు. అందుకు ప్లేటు నిండాక రెండు మూడు వారాలు ఉంచిన కాకో-2లో డీకాస్9-క్రాబ్‌ను (డీఎన్‌ఏను కోయకుండా ఆ చోటును అణిచే క్రిస్పర్ ప్రోటీన్‌ను) గైడ్ ఆర్‌ఎన్‌ఏ సాయంతో అదే చోటికి పంపి, ఎల్‌సిటి, ఎమ్‌సిఎమ్6, పక్కనున్న డీఏఆర్‌ఎస్1 మూడింటి ఆర్‌ఎన్‌ఏనూ క్యూపీసీఆర్‌తో (పరిమాణం కొలిచే పీసీఆర్‌తో) కొలవాలి. ఎల్‌సిటి ఒక్కటే తగ్గాలి. ఎమ్‌సిఎమ్6 కూడా పడిపోతే గైడ్ దాని ప్రమోటర్‌కు దగ్గరగా పడిందేమో చూసి, వేరే గైడ్‌తో మళ్లీ చేయండి.