చేతిలో పట్టే బ్యాగుతోనే విమాన ప్రయాణం

ముందు ఖాళీ బ్యాగును తూకం వేయండి. చాలా విమానాల్లో పరిమితి 7 కిలోలే, చక్రాల పెట్టె ఒక్కటే రెండు కిలోలకు పైగా తినేస్తుంది. బరువైన బూట్లు, జాకెట్ వేసుకునే వెళ్లండి. వారానికి నాలుగు చొక్కాలు, రెండు ప్యాంట్లు చాలు. మధ్యలో ఒకసారి ఉతుక్కోవచ్చు.

అసలు ఇబ్బంది షాంపూ సీసాలతోనే. చాలా విమానాశ్రయాల్లో సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు; సగం ఖాళీ అయిన 200 మిల్లీలీటర్ల సీసా కూడా కుదరదు. పైకెళ్లాక క్యాబిన్‌లో ఒత్తిడి తగ్గి, సీసాలోని గాలి వ్యాకోచించి షాంపూను బయటికి నెడుతుంది. అందుకే సీసాను నొక్కి గాలి తీసేసి, మూతి మీద ప్లాస్టిక్ ముక్క పరిచి మూత బిగించండి.

పవర్ బ్యాంకు పైజేబులోనే ఉండాలి. గేటు దగ్గర బ్యాగును కార్గోలోకి పంపమంటే ముందు తీయాల్సింది దాన్నే.