బట్టను చదవడం – 3వ పాఠం: ఒక్క గౌనుకు మూడు తేదీలు

పోయిన పాఠంలో పాత బట్టను బల్ల మీద పరిచే పద్ధతి చూశాం. ఉంగరాలూ గడియారమూ తీసేయడం, చేతులు కడిగి బాగా ఆరనివ్వడం, పెన్ను దగ్గరికి రానీయకుండా పెన్సిలుతోనే రాసుకోవడం ఈపాటికి అలవాటై ఉంటుంది. కుడి ఎడమల సంగతి మాత్రం మళ్లీ చెప్పక తప్పదు. మ్యూజియం రాతలో కుడి అంటే వేసుకున్న మనిషి కుడి, చూస్తున్న మన కుడి కాదు. ఈ మాట కాగితం మూల రాసిపెట్టుకుని మొదలెట్టండి.

మ్యూజియంలో పాత దుస్తులను చూసుకునే ఫ్యాషన్ క్యురేటర్‌ని ఎవరైనా ముందు అడిగేది "ఇది ఎప్పటిది?" అనే. చప్పున ఒక సంవత్సరం చెప్పేశామా, చిక్కులో పడ్డట్టే. గుడ్డ నేసింది ఒకప్పుడు, కోసి కుట్టింది ఇంకొకప్పుడు, విప్పి సరిచేసింది మరొకప్పుడు. గుడ్డ ఖరీదుగా, కుట్టుకూలి చవకగా ఉన్న రోజుల్లో మంచి పట్టును ఎవరూ పారేసేవారు కాదు. యూరప్‌లో 18వ శతాబ్దపు పూల పట్టు గౌన్లను తర్వాతి తరాలవాళ్లు విప్పి కొత్త ఫ్యాషన్‌కు మార్చుకున్నారు, వేషాల విందులకూ వాడుకున్నారు. అలాంటి గౌను ముందు నిలబడి ఒక్క తేదీ వేస్తే అది సగం అబద్ధమే.

మరి తేదీ ఎలా పట్టాలి? ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు: బట్టలో ఉన్నది సాక్ష్యం చెబుతుంది, లేనిది చెప్పదు. ఎలియాస్ హోవ్ కుట్టుమిషనుకు పేటెంటు పొందింది 1846లో, సింగర్ పొందింది 1851లో. అసలు కుట్టులోనే మిషను కుట్టు కనబడితే ఆ గౌను అంతకు ముందుది కావడం దాదాపు అసాధ్యం. కానీ అంతా చేతికుట్టే అయితే? మిషను వచ్చాక కూడా చేత్తో కుట్టినవాళ్లు లెక్కలేనంత మంది, కాబట్టి ఏమీ తేలదు. జిప్పు కూడా అంతే. దానికి ఇప్పటి రూపం ఇచ్చింది గిడియన్ సుండ్‌బాక్, 1913 ప్రాంతంలో. ఆడవాళ్ల గౌన్లలో అది బాగా వాడుకలోకి వచ్చింది 1930లలో. నైలాను మేజోళ్లు అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1940లో. ఊదారంగు కనబడగానే 1856లో ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ కనిపెట్టిన కృత్రిమ రంగే అనుకునేవాళ్లున్నారు. కంటితో అది తేలదు, ప్రయోగశాలకు పంపాల్సిందే.

ఈ సూత్రం నాకు పుస్తకంతో అబ్బలేదు. కొత్తలో ఒక బాడీసు (గౌనులో నడుము పైభాగం) చూసి, కనబడినంతమేరా చేతికుట్టే కదా అని మిషను రాకముందుదని ధీమాగా రాసేశాను. పక్కనున్న పెద్దావిడ ఏమీ అనకుండా నడుము దగ్గర లైనింగు అంచు కాస్త ఎత్తి చూపించారు. లోపలంతా మిషను కుట్టు. పైకి కనబడే చోట్లే శ్రద్ధగా చేత్తో కుట్టారు. ఆ తర్వాత నేను ముందు లోపలివైపు చూడకుండా ఏ బట్టా వదల్లేదు.

లండన్‌లోని కోర్టాల్డ్ కళాచరిత్ర సంస్థ‌లో 1965లో దుస్తుల చరిత్ర కోర్సు మొదలుపెట్టిన స్టెల్లా మేరీ న్యూటన్, బొమ్మల్లోని మనుషుల బట్టలను బట్టి ఆ చిత్రాల కాలం తేల్చేవారు. మనది అంతకన్నా సులువైన పని. బొమ్మను తిరగేసి లోపల చూడలేం, గౌనును చూడగలం.

లోపల ఏం చూడాలి? ముందు చంకలు, నడుము, కింది అంచు. విప్పేసిన కుట్టు వరసగా సూది రంధ్రాలు వదిలిపోతుంది. మడతలో దాగిన గుడ్డ వెలిసిపోకుండా ముదురుగా మిగిలిపోతుంది. ఆ ముదురు పట్టీ వెడల్పు కొలిస్తే అంచు ఎంత దించారో, నడుము ఎంత వదులు చేశారో తెలిసిపోతుంది. వేసుకున్న మనిషి లావెక్కిందా, లేక గౌను ఇంకొకరి చేతికి వెళ్లిందా అన్నది మాత్రం బట్ట ఒక్కటే చెప్పలేదు. అక్కడ మీరు ఊహించింది "బహుశా" అనే రాయండి. దారం రంగు మారిన చోటల్లా చిన్న గీత గీయండి.

పట్టు మడతల వెంట నిలువునా చీలిపోతుంటే ఇక దాన్ని కదపకండి. 19వ శతాబ్దం చివర పట్టుకు బరువు రావడానికి తగరం లాంటి లోహ లవణాలు పట్టించేవారు, అవే దాన్ని తినేస్తాయి. అలాంటిది విప్పి చూడాలన్న కుతూహలం మానుకోవడమూ ఈ వృత్తిలో నైపుణ్యమే.

ఈ వారం అభ్యాసం: మీ బీరువాలోంచి ఒకసారైనా సరిచేయించిన బట్ట తీయండి. ఇరవై నిమిషాలు కొలతలూ రాతా ఏమీ లేకుండా చూడండి. తర్వాత మూడు గడులు గీసి గుడ్డ, కుట్టు, మార్పు అని పేర్లు పెట్టండి. ప్రతి గడిలో ఏ ఆధారంతో ఆ కాలం వేశారో పక్కనే రాయండి. ఆధారం దొరకని గడి ఖాళీగానే ఉంచండి. మ్యూజియం ఉద్యోగానికైనా, పాఠం చెప్పే పనికైనా వెళ్లినప్పుడు మీ కాగితంలో ముందు చూసేది ఆ ఖాళీలనే.

వచ్చే పాఠంలో కొలతలు. బ్రిటన్‌లో జానెట్ ఆర్నాల్డ్ పాత బట్టలను కుట్టు కుట్టూ కొలిచి కత్తిరింపు నమూనాలుగా గీసినట్టు, మనం ఒక చొక్కా చేయి గీస్తాం. గళ్ల కాగితం, మెత్తటి టేపు సిద్ధం చేసుకోండి. ఇనుప స్కేలు వద్దు.