సన్‌డ్యూ ఆకు నుంచి నీటిలో పిల్ల మొక్కలు తీయడం ఎలా?

డ్రోసెరా అనే పేరుతో కీటకాహార మొక్కల పాఠంలో మనమందరం చదువుకున్న మొక్కే సన్‌డ్యూ. దాని ఆకుల మీది సన్నని ఎర్రటి రోమాల కొనలపై జిగురు బొట్లు మెరుస్తుంటాయి, వాటికి అంటుకున్న దోమను ఆకు మెల్లగా చుట్టుకుని జీర్ణం చేసుకుంటుంది. ఎంతో ఇష్టపడి తెప్పించుకున్న ఒక్క మొక్క నుంచి మరికొన్నింటిని తయారుచేసుకోవడానికి ఆరోగ్యమైన ఆకు, శుభ్రమైన గాజు సీసా, లవణాలు లేని నీరు ఉంటే చాలు. వీటిలో విజయవాడ, గుంటూరు వాసులకు కష్టమైనది నీరే కనుక ముందుగా దాని సంగతి చెబుతాను.

సన్‌డ్యూ సహజంగా పోషకాలు బాగా తక్కువగా ఉండే తడి నేలల్లో పెరుగుతుంది. నేలలో దొరకని నత్రజనిని అది పురుగుల నుంచి తీసుకుంటుంది కాబట్టి, దాని వేళ్ళు గానీ కోసిన ఆకు గానీ లవణాలను తట్టుకోలేవు. నేను మొదటిసారి మా అపార్ట్‌మెంటు బోరు నీటిలోనే ఆకులు వేశాను. పది రోజులకు సీసా గోడల మీద తెల్లటి చార, దాని కింద పచ్చటి పాచి కనిపించాయి, ఆకులు నల్లబడి మెత్తగా విడిపోయాయి. ఆ తరువాత నీటిలో కరిగి ఉన్న లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు కొన్నాను. 50 పీపీఎం (పది లక్షల పాళ్ళ నీటిలో 50 పాళ్ళ లవణాలు) లోపు చూపించే నీటినే వాడాలని అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను. తాగడానికి తెప్పించుకునే ఇరవై లీటర్ల టిన్నులోని నీరు కొన్నిసార్లు ఈ పరీక్షలో నెగ్గుతుంది, కొన్నిసార్లు నెగ్గదు, కాబట్టి ప్రతి టిన్నునూ కొలిచి చూడాలి. బ్యాటరీల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ నిశ్చింతగా వాడవచ్చు, అయితే పక్కనే అలాంటి డబ్బాలోనే అమ్మే యాసిడ్‌ను పొరపాటున తెచ్చుకోకుండా లేబులు చదవాలి. అన్నిటికన్నా మేలైనది వాన నీరు. వాన మొదలైన పావుగంట తరువాత, డాబా గొట్టం కింద కాకుండా ఆకాశం కింద నేరుగా గిన్నె పెట్టి పట్టుకోవాలి, ఎందుకంటే సిమెంటు మీదుగా పారిన నీటిలో సున్నం కలుస్తుంది.

ఇక ఆకు. దక్షిణాఫ్రికాకు చెందిన డ్రోసెరా కేపెన్సిస్, ఆస్ట్రేలియాకు చెందిన డ్రోసెరా అడెలే ఈ పద్ధతికి చక్కగా లొంగుతాయి. మన దేశంలో సహజంగా పెరిగే డ్రోసెరా బర్మాని, డ్రోసెరా ఇండికా తక్కువ కాలం బతికేవి కనుక వాటిని విత్తనంతో పెంచుకోవడమే మంచిది, అడవిలో కనిపించినా పెరికి తేకూడదు. మరీ లేతదీ ముదిరిందీ కాకుండా, పూర్తిగా విచ్చుకుని బొట్లతో మెరుస్తున్న ఆకును ఎంచుకోండి. పురుగును పట్టుకుని ఉన్న ఆకు నీటిలో కుళ్ళుతుంది కాబట్టి దాన్ని వదిలేయండి. చిన్న కత్తెరను వేడినీటితో కడిగి, ఆకును కాడతో సహా మొదలు దగ్గర కోయాలి. కేపెన్సిస్ ఆకు పొడవుగా ఉంటుంది కనుక దాన్ని రెండు మూడు ముక్కలు చేసుకోవచ్చు.

సీసాలో రెండు అంగుళాల నీరు పోసి ఆకును తేలేటట్టు వదిలి, మూతను వదులుగా పెట్టాలి. పచ్చడి సీసాను మాత్రం వాడవద్దు, ఎంత కడిగినా దాని మూత లోపలి అట్టలో ఉప్పు, నూనె మిగిలే ఉంటాయి. నేరుగా ఎండ పడని వెలుతురైన కిటికీ దగ్గర గానీ, ఎల్‌ఈడీ ట్యూబు కింద రోజుకు పన్నెండు గంటలు వెలుగు తగిలేలా గానీ సీసాను ఉంచండి. ఎండలో పెట్టిన మూత సీసా కాసేపట్లోనే కాగిపోతుంది. వేళ్ళు పుట్టించే హార్మోను పొడి అవసరం లేదు.

మొదటి వారంలోనే బొట్లు కరిగిపోయి, ఎర్రదనం తగ్గి, ఆకు పాలిపోతుంది. చాలామంది ఇక్కడే చచ్చిపోయిందనుకుని పారబోస్తారు. ఆకు గట్టిగా ఉన్నంతకాలం ఓపిక పట్టండి, నీరు మసకబారితే మార్చండి. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆకు పైభాగంలోని కణాలు మళ్ళీ విభజన చెంది, ఆవగింజలో సగం ఉండే ఆకుపచ్చని బుడిపెలు లేస్తాయి. భూతద్దంతో చూస్తే ఆ బుడిపె మీద విచ్చుకుంటున్న తొలి ఆకుకు అప్పుడే రోమాలు కనిపిస్తాయి. ఒకే ఆకు మీద అలాంటివి ఐదారు లేచినప్పుడు కలిగే సంతోషం ఎంతని చెప్పను!

పిల్ల మొక్క సుమారు సెంటీమీటరు అయి, తెల్లటి వేరు కనిపించాక దాన్ని నాటవచ్చు. పీట్ మాస్ (తడి నేలల్లో పేరుకున్న ఎండు నాచు), కడిగిన పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) సమపాళ్ళలో కలిపి తడిపి, తల్లి ఆకు ముక్కతో సహా దాని మీద ఆనించి పెట్టాలి. కొబ్బరి పొట్టులో తరచుగా ఉప్పు ఉంటుంది కనుక నేను దాన్ని వాడను. నీటిలో పెరిగిన మొక్క బయటి పొడి గాలికి అలవాటుపడి ఉండదు, కాబట్టి పైన పారదర్శకమైన గ్లాసు బోర్లించి, రెండు వారాల పాటు రోజూ కొంచెం కొంచెంగా ఎత్తుతూ పోవాలి.

ఈ పనంతా మన ప్రాంతంలో నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోవడం మంచిది, మే నెల వేడిలో సీసాలోని ఆకు ఉడికినట్టు అయిపోతుంది. నాటిన తరువాత కుండీ కింది పళ్ళెంలో ఎప్పుడూ సెంటీమీటరు ఎత్తున అదే వాన నీరు ఉంచండి. మట్టిలో యూరియా, వర్మీకంపోస్టు వంటి ఎరువులేవీ వేయకండి.