కుంపట్లో పొగ తగ్గాకే అసలు జాగ్రత్త

బొగ్గుతో వండుకునే ఇళ్లవాళ్లు చలి మొదలవ్వక ముందే కొన్ని పనులు చేసి పెట్టుకోవాలి. చలి ముదిరాక తలుపులు బిగించేసి కుంపటిని దగ్గరికి లాక్కుంటాం, ఇక అప్పుడు వేటికీ తీరిక ఉండదు.

ముందు పొగగొట్టం చూడండి. పొయ్యి పూర్తిగా చల్లారాక లోపలి మసి దులపండి, అతుకుల దగ్గర సందులుంటే పూడ్చండి, పైన పిట్టగూడేమైనా అడ్డుపడిందేమో చూడండి. గొట్టం కొస కప్పు దాటి పైకి ఉండాలి. చైనాలో యున్నాన్ రాష్ట్రంలోని షువాన్‌వేయ్ ప్రాంతంలో, గొట్టం లేని పొయ్యిల మీద పొగబొగ్గుతో వండిన ఆడవాళ్లు సిగరెట్ ముట్టకపోయినా ఊపిరితిత్తుల క్యాన్సర్ బారిన పడ్డారు. గొట్టాలు పెట్టించుకున్న ఇళ్లలో ఆ జబ్బు బాగా తగ్గిందని తర్వాతి అధ్యయనాల్లో తేలింది.

పొగ కళ్లు మండిస్తుంది కాబట్టి పక్కకి జరుగుతాం. బొగ్గు కాలేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి మాత్రం రంగూ లేదు, వాసనా లేదు. కణకణలాడే నిప్పుల్లోంచే కాదు, నివురు కప్పి ఆరిపోయినట్టు కనిపించే బొగ్గుల్లోంచీ వస్తూనే ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని ఇది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పొగ పోయింది కదా అని కుంపటిని పడకగదిలోకి తేవద్దు. గర్భిణులు, పసిపిల్లలు ఉన్న గదిలోకైతే అసలే వద్దు. నిద్రపోతున్న మనిషికి తనకేమవుతోందో తెలియదు. మిగతావన్నీ మర్చిపోయినా ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి.

తలనొప్పి, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం మొదలైతే జ్వరమొచ్చేలా ఉందనో, తిన్నది పడలేదనో సరిపెట్టుకుంటాం. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి అలా ఉండి, బయటికెళ్తే కాస్త తేరుకుంటుంటే కుంపటినే అనుమానించండి. ముందు అందరినీ ఆరుబయటికి తీసుకెళ్లి, వెంటనే వైద్యసాయం కోసం ఫోన్ చేయండి. ఇంట్లో బొగ్గు కాలుస్తున్నామని డాక్టరుకి తప్పకుండా చెప్పండి. వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో అంకె బాగుందని ధైర్యపడకండి, మామూలు ఆక్సిమీటర్ ఈ విషాన్ని పసిగట్టలేదు. గుడ్డ మాస్కూ దీన్ని ఆపదు. పడుకునే చోట కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకుని, బ్యాటరీ పనిచేస్తోందో లేదో చూసుకోండి.

బొగ్గు రాజేసేటప్పుడే పొగ ఎక్కువ. కుంపటి కదిపే వీలుంటే బయటే రాజేయండి. లోపల వండక తప్పకపోతే ఎదురెదురుగా కిటికీ, తలుపు తెరిచి ఉంచండి, చంటిబిడ్డను చంకనేసుకుని వండొద్దు. మిరపకాయలు, గింజలు బొగ్గుపొగ మీద ఆరబెట్టకండి. కొన్ని బొగ్గుల్లో ఉండే ఆర్సెనిక్, ఫ్లోరైడ్ వాటికి పట్టి కడుపులోకి పోతాయి. వంటయ్యాక మిగిలిన నిప్పుల్ని మూతున్న ఇనప డబ్బాలో వేసి ఇంటి బయటే ఉంచండి.

శుద్ధి చేయని బొగ్గును ఇళ్లలో అసలు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. గ్యాసుకో కరెంటు పొయ్యికో మారే వీలుంటే ఈ చలికాలం రాకముందే మారండి. ఒక్కసారిగా కుదరకపోతే, తలుపులు మూసుకుని ఉండే రాత్రి వంటతో మొదలుపెట్టండి.