పాత టోపో మ్యాపు చదువుదాం – 4: గీత లేని చోట గోడ

పోయిన పాఠంలో అమెరికాలోని యూటా రాష్ట్రపు ఎస్కలాంటే షీటు (1886) ఇచ్చి, నది అవతలి మేత భూములకు పశువులను ఎటుగా తోలాలో గీయమన్నాను. దాదాపు అందరూ కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) లేని తెల్లటి జాగా మీదుగా నేరుగా గీసేశారు. ఆ దారిన పోతే మంద కొండచరియ అంచున ఆగిపోతుంది. అందుకే ఈసారి రంగులు, గుర్తుల పాఠం ఆపేశాను. నీలం నీళ్లు, గోధుమ రంగు ఎత్తు, నలుపు మనుషులు కట్టినవి. ప్రస్తుతానికి ఇది చాలు.

ఆ షీటులో కాంటూరు అంతరం, అంటే పక్కపక్క గీతల మధ్య ఎత్తు తేడా, 250 అడుగులు. మన సర్వే ఆఫ్ ఇండియా షీట్ల అలవాటుతో మీటర్లనుకోకండి. 5,000 గీత తర్వాత వచ్చేది 5,250 గీతే. 5,010 నుంచి 5,240 అడుగులకు నిటారుగా లేచే గోడ మీద ఒక్క గీతా పడదు. 230 అడుగులంటే ఇరవై అంతస్తుల మేడ! 4,760 నుంచి 5,240 దాకా లేస్తే 480 అడుగులకు ఒకే గీత. అదే 4,990 నుంచి 5,010కి, ఆవు అవలీలగా ఎక్కే మెరక మీద కూడా ఒక గీత ఉంటుంది. గీతలు లెక్కపెట్టేముందు అంతరం చూడండి. ప్రతిసారీ చూడండి.

స్కేలు 1:2,50,000. మ్యాపు మీద మిల్లీమీటరు, నేల మీద 250 మీటర్లు. ఎస్కలాంటే నది పిల్ల కాన్యన్లు (నిటారు గోడల లోయలు) కొన్ని చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు. అవి ఇందులో ఎలా పడతాయి? సర్వేయర్లను తప్పుపట్టకండి. శిఖరాలెక్కి కోణాలు కొలిచి, మధ్యలోది కంటితో చూసి గీసిన రోజులవి. 1902లో సర్వేయర్ ఫ్రాంస్వా మాథెస్ గ్రాండ్ కాన్యన్ సర్వే మొదలుపెట్టి, 1:48,000 స్కేలులో, 50 అడుగుల అంతరంతో గీసిన బ్రైట్ ఏంజెల్ షీటు చూస్తే తేడా తెలుస్తుంది. పాత షీట్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

నేనైతే ముందు బాటలు చూస్తాను. కారణం కనిపించకుండా బాట మైళ్లకొద్దీ చుట్టు తిరిగిందంటే మధ్యలో దిగలేని చోటుంది. 1879లో మోర్మన్ మతశాఖకు చెందిన వలసదారులు బండ్లు తోలిన హోల్ ఇన్ ది రాక్ దారి కొండ అడుగునే పట్టుకుని, కాన్యన్లు ఇంకా లోతు కాకముందే వాటి తలల దగ్గర దాటుతుంది.

అభ్యాసం: అమెరికా జియలాజికల్ సర్వే వారి టోపోవ్యూ వెబ్‌సైటులో ఇదే చోటికి 1:24,000 షీట్లు ఉచితంగా దొరుకుతాయి. ఆ దారి నుంచి నది దాకా ఒక సరళరేఖ గీసి, దాని వెంబడి రెండు మ్యాపుల నుంచీ ఎత్తు ప్రొఫైల్ (నేల ఎత్తుపల్లాల గీత) ఒకే గ్రాఫ్ కాగితం మీద వేయండి. 1886 షీటు 100 అడుగులకు మించి దాచిన ప్రతిచోటా ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. కంప్యూటర్ గీసిన ప్రొఫైల్ పంపితే దిద్దను.