క్యూబీ64తో మొదటి బేసిక్ ప్రోగ్రామ్ రాసి కంపైల్ చేయడం ఎలా?

ప్రోగ్రామింగ్ ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లు ఏ కంపైలర్ (మనం రాసిన ప్రోగ్రామ్‌ను కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్) వాడాలని అడిగితే నేను ముందు చెప్పే పేరు క్యూబీ64. 1964లో డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ బేసిక్ భాషను తయారుచేసిందే, సైన్సు చదవని విద్యార్థులు కూడా కంప్యూటర్ వాడుకోవాలని. ఆ భాషకు ఇప్పుడు ఉచితంగా దొరికే కంపైలర్ ఇది. ఎడిటర్, కంపైలర్ రెండూ ఒకే విండోలో ఉంటాయి కాబట్టి కమాండ్లు గుర్తుపెట్టుకునే పనిలేదు.

ముందుగా క్యూబీ64 ఫీనిక్స్ ఎడిషన్ డౌన్‌లోడ్ చేసుకోండి. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేదేమీ ఉండదు, వచ్చిన ఫైల్‌ను ఒక ఫోల్డర్‌లోకి ఎక్స్‌ట్రాక్ట్ చేస్తే చాలు. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో మాత్రం పెట్టకండి. కంపైలర్ తన ఫోల్డర్‌లోనే ఫైళ్లు రాసుకుంటుంది, అక్కడ విండోస్ రాయనివ్వదు. లినక్స్‌లో అయితే ఫోల్డర్‌లో ఉన్న సెటప్ స్క్రిప్ట్ ఒకసారి నడపాలి.

ఎడిటర్ తెరిచి, మొదటి వరసలో ప్రింట్ అని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయండి. ఒక స్పేస్ ఇచ్చి, డబుల్ కోట్స్ మధ్యలో మీ పేరు రాయండి. అదీ ఇంగ్లీషు అక్షరాల్లోనే, తెలుగు అక్షరాలు ఇందులో సరిగ్గా కనబడవు. ఇప్పుడు ఎఫ్5 నొక్కండి. వెంటనే ఏమీ జరగకపోతే టెన్షన్ పడకండి. మీరు రాసినదాన్ని క్యూబీ64 ముందు సీ ప్లస్ ప్లస్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలోకి మారుస్తుంది, ఆ తర్వాత దాన్ని మెషిన్ భాషలోకి తెస్తుంది. అందుకే ఆ కొన్ని సెకన్లు. ఆపైన ఇంకో విండోలో మీ పేరు వస్తుంది. దాంతోపాటు ఒక ఎగ్జిక్యూటబుల్ ఫైల్ కూడా తయారవుతుంది. దాన్ని ఎడిటర్ తెరవకుండానే నడపొచ్చు.

ఇప్పుడు కాస్త పనికొచ్చేది రాద్దాం. వస్తువు ధర, సంఖ్య అడిగి, మొత్తం చెప్పే ప్రోగ్రామ్. పాత వరస తీసేసి, ఇన్‌పుట్ అని రాసి, కోట్స్‌లో ధర అని, సెమికోలన్ పెట్టి, విలువ దాచుకునే వేరియబుల్ పేరుగా మళ్లీ ధర అని ఇవ్వండి, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. సెమికోలన్ పెడితే అడిగేటప్పుడు ప్రశ్నార్థకం దానంతట అదే వస్తుంది, కామా పెడితే రాదు. సంఖ్యకు కూడా ఇలాగే ఇంకో వరస. మూడో వరసలో ప్రింట్ అని రాసి, రెండు వేరియబుళ్లనూ నక్షత్రం గుర్తుతో గుణించండి. 25, 4 ఇస్తే 100 రావాలి.

మనవాళ్లకు సరిగ్గా ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. ధర అనే మాటను ఇంగ్లీషులో ఒకచోట హెచ్‌తో రాస్తాం, ఇంకోచోట హెచ్ లేకుండా రాసేస్తాం. కంపైలర్‌కు అవి రెండు వేరు వేరు వేరియబుళ్లు. రెండోది కొత్తదనుకుని, దాని విలువ సున్నా అని తీసుకుంటుంది. తప్పని ఎక్కడా చెప్పదు, 100 రావాల్సిన చోట 0 చూపిస్తుంది. మొదట్లో నేను ఇలాంటి సున్నా పట్టుకోవడానికి ఒక సాయంత్రమంతా గుణకారం వరసనే చూస్తూ కూర్చున్నాను. ఎర్రర్ చూపించే కంపైలర్ మనకు మేలు చేస్తుంది. చెప్పకుండా వదిలేసిన తప్పుతోనే అసలు కష్టం.

అందుకే ప్రతి ప్రోగ్రామ్‌కూ మొదటి వరసలో ఆప్షన్ అని, స్పేస్ ఇచ్చి, అండర్‌స్కోర్ పెట్టి, దానికి ఆనించి ఎక్స్‌ప్లిసిట్ అని రాయడం మొదటిరోజు నుంచే అలవాటు చేసుకోండి. అప్పుడు ఏ వేరియబుల్‌నైనా వాడే ముందు డిమ్ అని రాసి, దాని పేరు చెప్పాలి. మన ప్రోగ్రామ్‌లో డిమ్ తర్వాత ధర, సంఖ్య రెండింటినీ కామాతో రాస్తే సరిపోతుంది. హెచ్ మరిచిపోయిన పేరు ఎక్కడైనా ఉంటే, ఎఫ్5 నొక్కకముందే ఎడిటర్ అడుగున ఆ వేరియబుల్‌ను నిర్వచించలేదని, అది ఫలానా వరసలో ఉందని కనబడుతుంది. ఆ వరసకు వెళ్లి హెచ్ చేర్చండి. అడుగున ఓకే అని వచ్చాక ఎఫ్5 నొక్కండి, 100 వస్తుంది.